తూకానికి రాని నలుపు

వేబ్రిడ్జి మీద రోజంతా బొగ్గు లారీల్ని తూచి
ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండానే
తడిగుడ్డతో ఆకులు తుడుస్తాను.

ముందు పైవైపు, తర్వాత అడుగు.
ఆకు కింద అరచెయ్యి ఆనించి తుడవాలి,
లేకపోతే కాడ దగ్గర పుటుక్కుమంటుంది.
గుడ్డ నల్లబడుతుంది.
ఏ బిల్లులోనూ ఎక్కని బొగ్గు ఇది,
జ్ఞానాపురం మీదుగా, మూసిన కిటికీ సందుల్లోంచి
రెండో అంతస్తుకి
మెట్లెక్కకుండా వచ్చిన సరుకు.

కడియం వ్యాను మీద వచ్చిందీ తీగ.
ఆదివారం, కంచరపాలెం మెట్టు దగ్గర
మూడాకుల కుండీ చేతిలో పెట్టి
"పెద్దదైతే ఆకులకి చిల్లులు పడతాయండి,
పురుగనుకుని మందు కొట్టకండి" అన్నాడు కుర్రాడు.
ఇంగ్లీషు పేరేదో చెప్పాడు, రాక్షసి పేరులా వినిపించింది.
నూటనలభై అన్నది నూటపదికి ఇచ్చాడు.

మొదటి నెలలోనే చంపబోయాను.
ప్రేమంటే నీళ్లు పొయ్యడమే అనుకునేవాణ్ణి.
పొద్దున చెంబు, రాత్రి చెంబు,
మనసు బాగోకపోతే మధ్యలో ఇంకో చెంబు.
తెల్లారి ఆకు కొసన చుక్కలు వేలాడుతుంటే
మంచు పట్టిందని మురిసిపోయాను,
వద్దు మొర్రో అని అది కక్కుతున్న నీళ్లని తెలీక.

అడుగాకు పసుపెక్కాక
కిందింటి పరదేశమ్మ వచ్చింది,
ఎండుచేపల గంప దించి, ఆ నీచువాసనతోనే.
మట్టిలో రెండు కణుపుల లోతుకి వేలు గుచ్చి తీసింది.
"పీకల్దాకా ముంచీసినావు బాబూ!
యేలు పొడిగా వొస్తేనే నీల్లు.
మట్టి అంటుకుంటే ఊరుకో.
ఊరుకోడం సేతనవదేటి నీకు?"

మర్నాడు విరిగిన తెడ్డు కర్ర తెచ్చింది.
"మూడ్రోజులు కొళాయి కింద నానబెట్టు, ఉప్పు పోవాల."
నాలుగోనాడు దానికి కొబ్బరి తాడు చుట్టి
తీగని ఆనించి
వల అల్లే ముడి వేసింది.
ఆ ముడి నాకింకా పట్టుబడలేదు.

సముద్రాన్ని తోసిన కర్ర
ఇప్పుడు ఒకే చోట నిలబడి ఒక మొక్కని మోస్తోంది.
కర్రకి రోజూ కాసిని నీళ్లు చిలకరిస్తాను.
కణుపు కణుపుకీ ఓ గోధుమరంగు వేరు
గాల్లోకి చెయ్యి చాపి
తాడు తగిలితే పట్టుకుంటుంది.

అన్నీ పట్టుకోవు.
ఆకులన్నీ కిటికీ వైపు తిరిగితే
ఒక వేరు మాత్రం
అక్క కుట్టుమిషను వెనక చీకట్లోకి పోయింది.
కుండీ తిప్పి పెట్టాను.
నెల తిరక్కుండా ఇంకో వేరు, మళ్లీ అటే.
"సీకటున్న కాడ సెట్టుంటాదని దాని నమ్మకం,
అడివిలో నీడంటే మానేగదా" అంది పరదేశమ్మ.
మిషను మీద కప్పిన దుప్పటి తీసి
ఏడాది దాటింది.
కింద చక్రానికి ఆ వేరు చుట్టుకునుంది.
విప్పలేదు.

పోర్టులో మూడో నంబరు ఎగరేసిన రోజు
తూకాలు ఆపేశారు.
రాత్రికి కరెంటు పోయింది.
రేకుల వరండా కారుతోందని
పరదేశమ్మ చాపతో పైకొచ్చింది.
ఇద్దరం కొవ్వొత్తి ముందు కూర్చున్నాం, మాటల్లేవు,
గాలి ఒక్కటే మాట్లాడింది.

వారం రోజులుగా గొడుగులా చుట్టుకున్న ఆకు
ఆ రాత్రి ఎప్పుడు విచ్చిందో చూళ్లేదు.
తెల్లారి, లేత మెరుపుతో, తడితడిగా,
ఇటు మూడు చిల్లులు, అటు రెండు.
"గాలికి దారిచ్చుకుని మరీ పుట్టింది" అని
ఆవిడ ఒక చిల్లులోంచి నన్ను చూసింది.
"మా రేకులకీ తెలివుంటే
హుద్‌హుద్‌కి ఎగిరిపోయేవా?"
నవ్వామా ఏడ్చామా గుర్తులేదు, టీ మాత్రం తాగాం.

ఆవిడ దిగిపోయాక
అలవాటుగా గుడ్డ తడిపాను.
వాన ఊరినంతా కడిగేసినట్టుంది,
పాత ఆకులు తుడిస్తే
గుడ్డ తెల్లగానే వచ్చింది.

అయినా రెండోసారి తుడిచాను.
సోమవారం మళ్లీ లారీలు.